చెంబు అడుగు

ఫ్లెక్స్ షాపులో నాలుగేళ్ళు పనిచేశాక ఫైన్ ఆర్ట్స్‌లో చేరాను. అప్పటికి నాకు 22. క్లాసులో మిగతావాళ్ళంతా ఇంటర్ ముగించి నేరుగా వచ్చినవాళ్ళు కాబట్టి మొదటిరోజే నన్ను "అన్నా" చేసేశారు. నాకూ లోపల అలాంటి ధీమానే ఉండేది. కోరల్‌డ్రా, ఫోటోషాప్ చేతిలో పని. తెలుగు టైపింగుకి వాడే అను ఫాంట్స్ కీబోర్డు చూడకుండా కొడతాను. పుట్టినరోజు శుభాకాంక్షలు, శ్రద్ధాంజలి, ఓణీల ఫంక్షన్, కాణిపాకం బ్రహ్మోత్సవాలకు స్వాగతం, ఏదైనా పావుగంటలో తయారు. చిత్తూరులో మా సెంటర్‌లో నన్ను ఆర్టిస్టు అనే పిలిచేవాళ్ళు.

చేత్తో బొమ్మలు కూడా వేసేవాణ్ణి. ఫోటో మీద గళ్ళు కొట్టుకుని, అవే గళ్ళు పెద్ద షీటు మీద కొట్టుకుని, గడి గడికీ చూసి దించడం. హీరోల మొహాలు అచ్చం ఫోటోలాగే వచ్చేవి. ఎంట్రన్సులో కూడా ఆ చెయ్యే కాపాడింది. కాబట్టి తిరుపతిలో యూనివర్సిటీలో చేరిన రోజున నా లెక్క ఏమిటంటే, మొదటి ఏడాది మనకు తెలిసిందే చెప్తారు, హాయిగా గడిచిపోతుంది అని.

మొదటి వారం సామాన్ల లిస్టు ఇచ్చారు. ఇంపీరియల్ సైజులో సగానికి సరిపోయే డ్రాయింగ్ బోర్డు, కార్ట్రిడ్జ్ షీట్లు, హెచ్‌బీ నుంచి 8బీ దాకా పెన్సిళ్ళు, చార్‌కోల్, పుట్టీ రబ్బరు, పోస్టర్ కలర్లు, రౌండు బ్రష్షులు, ఫ్లాట్ బ్రష్షులు, స్టీలు స్కేలు, కట్టరు, మౌంట్ బోర్డు. మొత్తం నాకు 4,000 దాటింది. నాయన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, అదీ సీజన్ ఉన్నన్నాళ్ళే. ఆ డబ్బు అడగడానికి రెండు రోజులు పట్టింది. ఇప్పుడు చేరేవాళ్ళకి ఒక్క మాట చెప్తాను. కలర్ల పెద్ద సెట్టు కొనకండి. అందులో సగం సీసాలు ఏడాది చివరికి మూత తీయకుండానే ఎండిపోతాయి. విడిగా ఏడెనిమిది రంగులు కొనుక్కోండి, తెలుపు మాత్రం రెండు పెద్ద సీసాలు. తెలుపు నీళ్ళలా ఖర్చవుతుంది.

డ్రాయింగ్ మొదటి క్లాసులో సార్ ఒక స్టూలు తెచ్చి మధ్యలో పెట్టాడు. దాని మీద ఒక ఇటుకరాయి పెట్టాడు. మూడు గంటలు గీయమన్నాడు. నేను పది నిమిషాల్లో ముగించి, మిగతా టైములో ఇటుక మీద గరుకంతా చుక్కలు చుక్కలుగా వేస్తూ కూర్చున్నాను. సాయంత్రం ఫోన్‌లో ఈ సంగతి చెబితే నాయన నవ్వాడు. "ఇటుకరాయి గీసేదానికి యూనివర్సిటీకి పోవల్నా అబ్బోడా?" అన్నాడు. నాకూ అదే అనిపించింది, కాకపోతే 4,000 ఖర్చుపెట్టించినవాణ్ణి, ఆ మాట పైకి అనలేను కదా.

నా పొగరు దించింది ఇటుక కాదు, చెంబు. రెండో వారం ఇటుక పక్కన ఒక ఇత్తడి చెంబు, వెనక ఒక పాత పంచె పెట్టారు. చెంబు గీశాను. మూతి గుండ్రంగా, అంటే పక్కనుంచి చూస్తాం కాబట్టి కోలగా. అడుగు మాత్రం సమంగా ఉన్న స్టూలు మీద ఆనుకుని ఉంది కాబట్టి చక్కగా స్కేలు పెట్టినట్టు ఒక గీత. సార్ నా వెనకాల నిలబడి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "చెంబు మూతి లోపలికి కనిపిస్తోందా నీకు?" అన్నాడు. కనిపిస్తోంది సార్ అన్నాను. "అంటే నువ్వు పైనుంచి చూస్తున్నావు. మూతి కంటే అడుగు నీ కంటికి ఇంకా కిందికి ఉంది. మూతే అంత గుండ్రంగా కనిపిస్తుంటే అడుగు అంతకంటే ఎక్కువ గుండ్రంగా కనిపించాలి. నువ్వు దాన్ని చదును చేసి పెట్టావు. చూసి గీశావా, తెలిసి గీశావా?"

తెలిసి గీశాను. చెంబు అడుగు చదును అని నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. అది కంటికి ఎలా ఉందో ఎప్పుడూ చూడలేదు. గళ్ళు కొట్టి దించేటప్పుడు ఈ తప్పు రాదు, ఎందుకంటే కెమెరా ముందే చూసేసి ఉంటుంది. చూసే పని కెమెరాది, నాది గుమాస్తా పని. నాలుగేళ్ళు ఆర్టిస్టు అనిపించుకున్నది ఇదా అని ఆ రాత్రి రూములో కూర్చుని బక్కెట్టు, మగ్గు, కుక్కర్ గిన్నె వరసగా గీశాను. పద్నాలుగు గీస్తే మూడింటికి కోలాలు కుదిరాయి. మిగతావాటికి రెండు కొసలూ మామిడికాయ తొడిమల్లా మొనతేలాయి.

ఆ నెలంతా అలాంటి పనులే. కాగితం వైపు చూడకుండా, వస్తువు అంచునే చూస్తూ, పెన్సిలు ఎత్తకుండా గీయడం. కుర్చీని గీయకుండా కుర్చీ కాళ్ళ మధ్య ఉన్న ఖాళీలను మాత్రమే గీయడం. షీటంతా చార్‌కోల్‌తో నల్లగా రుద్దేసి, వెలుగు ఉన్నచోట మాత్రం పుట్టీ రబ్బరుతో ఎత్తడం. ఈ చివరిది నాకు బాగా నచ్చింది, బట్టలు మాత్రం పాడయ్యాయి. హాస్టల్‌కి దూరంగా మేం అద్దెకు తీసుకున్న రూము ఓనరమ్మ, "ఏంది నాయనా, బొగ్గుల బట్టీలో పనికి పోతావుండావా?" అని అడిగింది.

తిరుపతి గొప్పతనం నాకు అర్థమైంది అవుట్‌డోర్ స్కెచింగ్‌లో. శనివారాలు రైల్వే స్టేషన్‌కి, బస్టాండ్‌కి, గోవిందరాజస్వామి గుడి ముందుకు పంపేవాళ్ళు. మనుషుల్ని ముప్ఫై సెకన్లలో, ఒక నిమిషంలో పట్టుకోవాలి. మనిషి తల గీయడంలో కొత్తవాళ్ళకి వచ్చే చిక్కు జుట్టు. జుట్టు కింద పుర్రె ఆకారం ఎక్కడ మలుపు తిరుగుతుందో తెలియక, మొహం ఒకచోట, జుట్టు విగ్గులాగా ఒకచోట గీస్తారు. తల ఆకారం, వెలుగునీడలు పట్టుబడడానికి యూరప్ ఆర్ట్ స్కూళ్ళలో ఎన్నో ఏళ్ళు ప్లాస్టర్ తలల్ని ఎదురుగా పెట్టి గీయించేవాళ్ళు. మనకి ప్లాస్టర్ ఎందుకు? తలనీలాలు ఇచ్చి కొండ దిగి వచ్చిన గుండ్లు స్టేషన్‌లో వందలు. పైగా గంధం పూసి ఉంటాయి. గంధం ఆరాక తల మెరవదు, లేత పసుపుగా మట్టసంగా ఉంటుంది కాబట్టి నుదురు ఎక్కడ ఆగి పక్కతల ఎక్కడ మొదలవుతుందో, చెవి వెనక నీడ ఎక్కడ ముదురుతుందో స్పష్టంగా కనిపిస్తుంది. పిల్లల గుండు, ముసలాయన గుండు, వెనక ఎముక పొడుచుకొచ్చిన గుండు, చపాతీ పీటలా చదునైన గుండు. ఇంత వెరైటీ ఏ స్టూడియోలో దొరుకుతుంది? ఎవరు మొదలుపెట్టారో తెలీదు, మా బ్యాచ్‌లో దానికి 'గుండు స్టడీ' అని పేరు పడిపోయింది.

ఒకసారి ప్లాట్‌ఫామ్ మీద నిద్రపోతున్న ఒకాయన గుండు గీస్తుంటే వాళ్ళావిడ చూసింది. కోప్పడుతుందేమోనని బోర్డు మూశాను. "ముయ్యొద్దు బాబూ, ఏదీ" అని తీసుకుని చూసి, "ఇంత పెద్ద చెవులా ఈయనకి?" అని ఆయన్ని లేపి మరీ చూపించింది. చెవులు నిజంగానే అంత ఉన్నాయి. గళ్ళు లేకుండా నేను సరిగ్గా పట్టుకున్న మొదటి కొలత అదే.

కొలతలంటే ఇంకోటి చెప్పాలి. నా రూమ్మేట్ మదనపల్లె అబ్బాయి, తిరుపతిలోనే టీటీడీ వాళ్ళ శిల్ప విద్యాలయంలో రాతి శిల్పం నేర్చుకుంటున్నాడు. మాకు క్లాసులో మనిషి నిలువు ఏడున్నర తలలు అని చెప్పారు. అది చెబితే వాడు నవతాళం అన్నాడు. వాళ్ళ లెక్కలో ముఖం పొడవు ఒక తాళం, తాళానికి 12 అంగుళాలు, తొమ్మిది తాళాలంటే 108 అంగుళాలు. ఆ అంగుళం టేపు మీది అంగుళం కాదు, చెక్కే విగ్రహాన్ని బట్టి మారుతుంది. మా లెక్క తలతో, వాళ్ళ లెక్క ముఖంతో. మాది ఎదురుగా ఉన్న మనిషిని సరిచూసుకోవడానికి, వాళ్ళది ఎదురుగా లేని దేవుణ్ణి నిలబెట్టడానికి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒక్క క్లాసు చెప్పినా ఎంత బాగుండేదో. రాత్రి పదకొండింటికి, టీ తాగుతూ, రూమ్మేట్ దగ్గర నేర్చుకోవాల్సి వచ్చింది.

డిజైన్ క్లాసు గురించి ఫ్లెక్సు అనుభవం ఉన్నవాడిగా నాకు చాలా నమ్మకం. అక్కడ కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు. తెల్ల కాగితం, నల్ల కాగితంలోంచి కోసిన నాలుగు చదరాలు, గమ్. ఆ నాలుగు చదరాలతో ఒక మాట చెప్పాలి. మేడమ్ ఇచ్చిన మాటలు 'తోపులాట', 'ఒంటరి', 'క్యూ'. నేను క్యూ అంటే నాలుగింటినీ వరసగా పేర్చి అంటించాను. పుత్తూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయి నాలుగింటినీ కాగితం కుడి అంచుకి నెట్టి, చివరిదాన్ని అంచు దగ్గర సగానికి కోసేసింది. అంతే, క్యూ కాగితం బయట ఇంకా ఎంత దూరం ఉందో మనకే అనిపిస్తుంది. తిరుమల కంపార్టుమెంట్లలో ఒక్కసారైనా కూర్చున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. నేనైతే ఆ ఎడమవైపు మిగిలిన తెలుపుని చూసి భయపడేవాణ్ణి. మా షాపులో అంత ఖాళీ వదిలితే కస్టమర్ డబ్బులివ్వడు.

ఈ తరహా అభ్యాసాలకు మూలం జర్మనీలోని బౌహౌస్ అని తర్వాత చెప్పారు. 1919లో వైమార్‌లో అది మొదలైనప్పుడు యోహానెస్ ఇట్టెన్ అనే ఆయన, ఏ పని నేర్చుకోవడానికి వచ్చినా ముందు అందరికీ కలిపి ఒక ప్రాథమిక కోర్సు పెట్టాడట. రంగు, గీత, ఆకారం, చేతికి దొరికిన వస్తువు స్వభావం. వందేళ్ళ తర్వాత తిరుపతిలో మేం గమ్ము పూసుకుంటున్నది ఆయన పుణ్యమే.

రంగుల దగ్గర మళ్ళీ దెబ్బతిన్నాను. తెలుపు నుంచి నలుపు దాకా తొమ్మిది మెట్లు పోస్టర్ కలర్‌తో వేయమన్నారు. కోరల్‌డ్రాలో అయితే 10, 20, 30 అని నంబర్లు కొట్టడమే. ఇక్కడ తెలుపులో ఒక చుక్క నలుపు పడితే చాలు, రెండు మెట్లు ఒకేసారి దిగిపోతుంది. నలుపులో తెలుపు నాలుగు చుక్కలు వేసినా ఏమీ కనపడదు. సమానంగా కొలిచి కలిపితే మెట్లు సమానంగా రావు, కన్ను లెక్క వేరు. మూడుసార్లు చేశాను. మూడోసారి కూడా ఆరో మెట్టు, ఏడో మెట్టు కవల పిల్లలే.

ఊదా రంగు కథ ఇంకొకటి. ఎరుపు, నీలం కలిపితే ఊదా అని ఒకటో క్లాసు పిల్లాడికి తెలుసు. నా సీసాలోని వెర్మిలియన్, అల్ట్రామెరైన్ కలిపితే కుంకుడు రసంలాంటి గోధుమరంగు వచ్చింది. వెర్మిలియన్‌లో పసుపు ఛాయ ఉంది, మూడూ కలిసి మట్టయిపోయాయి. క్రిమ్సన్ వాడితే ఊదా వస్తుంది. 'ఎరుపు' అనేది మాటే గానీ సీసాలో అలాంటిదేమీ ఉండదు.

ఆ తర్వాత ఒకే బూడిద రంగు ముక్కని పసుపు మీద, ఊదా మీద అంటించి చూపించారు. రెండూ ఒకటే అని చెప్పినా నమ్మబుద్ధి కాలేదు. పసుపు మీది ముక్క కాస్త ఊదాగా, ఊదా మీది ముక్క కాస్త పసుపుగా కనిపించింది. పారిస్‌లో గోబెలిన్ నేతశాలలో రంగుల పని చూసిన షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని వివరంగా రాశాడు, 1839లో. నల్లదారం సరిగా రావట్లేదని ఫిర్యాదు వస్తే, తప్పు దారంలో లేదు, దాని పక్కన నేసిన రంగులో ఉందని తేల్చాడు. ఇది వినగానే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. గాంధీ రోడ్డులో చీర కొన్నాక బ్లౌజు పీసు విడిగా ఎప్పుడూ చూడదు. చీర మీద వేసి, రెండూ పట్టుకుని షాపు బయటికి ఎండలోకి వచ్చి చూస్తుంది. ఆమె ఏ కోర్సూ చేయలేదు.

త్రీడీ గురించి ఎక్కువ చెప్పను, అది నాకు రాలేదు. కాగితం మడతలు, ఇనప తీగ బొమ్మలు ఎలాగో గట్టెక్కాయి. మట్టితో చెయ్యి చేయమన్నప్పుడు లోపల తీగ సరిగ్గా కట్టలేదు, తడిగుడ్డ కప్పడం మర్చిపోయి శుక్రవారం ఇంటికి వెళ్ళిపోయాను. సోమవారం వచ్చేసరికి వేళ్ళు మూడు కింద పడున్నాయి. "గంగజాతరలో అమ్మవారి విశ్వరూపం చేసేవాళ్ళు తెల్లారేలోపు మట్టి మొహం నిలబెడతారు, నీకు నాలుగు రోజుల్లో ఐదు వేళ్ళు నిలబడలేదా?" అన్నాడు సార్. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ దగ్గర నేర్చుకున్నది మాత్రం ఎప్పటికీ మర్చిపోను. పొడిలో నీళ్ళు పోయకూడదు, నీళ్ళలో పొడి చల్లాలి, పైన చిన్న చిన్న దీవుల్లా తేలేదాకా. గట్టిపడేటప్పుడు గిన్నె వేడెక్కుతుంది. ఇంకోటి, మిగిలింది సింకులో పారబోయకూడదు. పారబోసింది నేనే. పైపు మార్పించడానికి అయిన ఖర్చు బ్యాచ్ అంతా పంచుకున్నారు, అందుకే ఇప్పటికీ సింకు దగ్గరికి వెళ్తే ఎవడో ఒకడు "అన్నా, జాగ్రత్త" అంటాడు.

క్రిటిక్ అంటే అందరి పనీ గోడకు పెట్టి, ఒక్కొక్కరి గురించి మిగతావాళ్ళు మాట్లాడడం. 'బాగుంది' అనే మాట నిషేధం. ఏం కనిపిస్తోందో చెప్పాలి. మొదటి క్రిటిక్‌లో నేను ఇంటి దగ్గర వేసిన హీరో బొమ్మ కూడా ఉత్సాహంగా పెట్టాను. క్లాసంతా అబ్బో అన్నారు. సార్ దగ్గరికెళ్ళి చూసి, "ఫోటో చాలా బాగుంది. తీసినతను ఎవరు?" అని పక్క షీటుకి వెళ్ళిపోయాడు. అప్పుడు నొచ్చుకున్నాను. చెంబు సంగతి జరిగింది ఆ తర్వాతి వారమే, అప్పుడు అర్థమైంది ఆయన అడిగింది ఎగతాళి కాదని.

రెండో సెమిస్టర్‌లో ఒకరోజు శ్రీకాళహస్తి తీసుకెళ్ళారు, కలంకారీ చూడడానికి. నలభై కిలోమీటర్లు కూడా లేదు. నాకున్న ఒకే ఒక్క గట్టి కంప్లయింటు ఇదే, ఒక్కరోజేనా? అక్కడ ఒక పెద్దాయన కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెట్టిన గుడ్డ పరిచి, కాల్చిన చింతపుల్లతో ముందు బొమ్మ రాసుకున్నాడు. తర్వాత వెదురు కలం. దాని మొన దగ్గర చుట్టిన ఉన్నిని మెల్లగా నొక్కితే రంగు దిగుతుంది. ఇనప ముక్కలు, బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టిన కసిమి అది. గీసినప్పుడు నీళ్ళగీతలా పల్చగా ఉండి, కళ్ళముందే నల్లబడింది. గుడ్డలోని కరక్కాయ వగరుకీ ఇనుముకీ కలిసి పుట్టే నలుపు. పాలు లేకపోతే గీత పాకిపోతుందట. ఎరుపు కావాల్సినచోట ముందు పటిక నీళ్ళు రాసి, తర్వాత గుడ్డని ఎర్రరంగు నీళ్ళలో ఉడికిస్తారు. పటిక పడినచోటే రంగు నిలుస్తుంది. అంటే రంగు కనపడకముందే అది ఎక్కడ రావాలో చెయ్యి నిర్ణయించేయాలి. చెరపడానికి లేదు, కంట్రోల్ జెడ్ లేదు. ఈ ఊళ్ళోనే పనిచేసిన జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ ఇచ్చారని అక్కడే చెప్పారు. గీత, మెట్లు, ఖాళీ, రంగు పక్కన రంగు, ఏడాదంతా మేం ముక్కలు ముక్కలుగా చేసింది అక్కడ ఒకే గుడ్డ మీద ఉంది. ఒక నెల కూర్చోబెట్టి ఉంటే బౌహౌస్ కూడా ఇంకా బాగా అర్థమయ్యేది. బస్సు నాలుగింటికి బయల్దేరాలని మూడున్నరకే లేపేశారు.

ఏప్రిల్‌లో జ్యూరీ, అంటే మా పని చూసి మార్కులు వేయడం. ఏడాది పనిలోంచి ఇరవై షీట్లు ఏరి పెట్టమన్నారు. నేను బాగా వచ్చినవే ఏరితే, బయటి నుంచి వచ్చిన మేడమ్, "మొదటి చెంబు ఏది?" అని అడిగింది. అదృష్టం కొద్దీ పారేయలేదు. రెండూ పక్కపక్కన పెట్టి చూసింది, ఏమీ అనలేదు. డ్రాయింగ్‌లో మంచి మార్కులే వచ్చాయి. త్రీడీ పాస్.

సెలవుల్లో మళ్ళీ చిత్తూరు షాపులో కూర్చున్నాను, ఫీజు కట్టాలి కదా. జాతర సీజన్, చేతినిండా ఫ్లెక్సులు. ఒక కస్టమర్‌కి గంగమ్మ మొహం ఒక పక్కన పెద్దగా పెట్టి, రెండో పక్కన మూడొంతులు ఖాళీ వదిలి, కింద ఒకే ఒక్క వరస అక్షరాలు పెట్టి చూపించాను. ఆయన స్క్రీన్ వైపు వంగి చూశాడు. "ఇంత జాగా వదిలేసినావేందప్పా? మావోళ్ళు పన్నెండుమంది ఉండారు." ఓనరన్న నావైపు ఒక చూపు చూశాడు. సరే, పన్నెండు ఫోటోలు గుండ్రంగా కోసి ఆ ఖాళీలో పేర్చాను. పేర్చాక నా కంటికి ఒకటే గుచ్చుకుంది, కొందరి మొహం మీద వెలుగు ఎడమ నుంచి, కొందరికి కుడి నుంచి. ఎవరికీ చెప్పకుండా ఐదు ఫోటోలు అద్దంలో చూసినట్టు తిప్పేశాను. ఇప్పుడు పన్నెండుమందికీ వెలుగు అమ్మవారి వైపు నుంచే పడుతోంది.

ప్రింటుకి పంపేముందు ఆయన ఒక్కొక్క మొహం మీదా వేలు పెట్టి లెక్కబెట్టుకున్నాడు. ఏడోదాని దగ్గర వేలు ఆగింది.

"ఇదేంది, మా అన్నకు పాపిడి ఆ పక్కకు పోయిందే?"

అన్నిటినీ మళ్ళీ వెనక్కి తిప్పేశాను.